ఎలుక రాలిన ఇంట్లో జున్ను

నాకు కోపం ఎక్కువని మా బస్తీలో అందరూ అంటారు. అననీ. చార్మినార్‌కు దక్షిణాన ఉన్న మా జహనుమాలో ఇల్లిల్లూ తిరిగి "ఎలుక పడ్డదా?" అని అడిగే ఉద్యోగం ఆరేళ్ళు చేసినవాడికి కోపం రాకపోతే ఎవడికి వస్తుంది?

నేను ప్లేగు జవానును. పేరు ఓదెలు. చేతిలో పొడుగాటి ఇనుప పట్టకారు, చంకలో రిజిస్టరు, రెండో చేతిలో ఎర్ర రంగు డబ్బా. ఎవరింట్లో చచ్చిన ఎలుక కనబడితే వాళ్ళ ఇంటి నంబరు రాసుకోవాలి, తలుపు మీద ఎర్ర గుర్తు వేయాలి. సాయంత్రానికల్లా ఇంటిల్లిపాదీ గొడ్డూగోదాతో ఊరి బయట తడికెల గుడిసెల్లోకి వెళ్ళిపోవాలి. అంతే పని. దానికే జనం నన్ను తిట్టని తిట్టు లేదు. ఒకావిడ చచ్చిన ఎలుకను పొయ్యి బూడిదలో కప్పెట్టి ఆ పక్కనే రొట్టెలు కాల్చింది. ఒకాయన పక్కింటి కప్పు మీదికి విసిరేసి, పీడ వదిలిందనుకున్నాడు. ఇద్దరిళ్ళలోనూ ఆ నెలలోనే శవాలు లేచాయి. ఇలాంటివాళ్ళను చూసి నేను పళ్ళు కొరికేవాణ్ణి.

మా డాక్టర్ సాబ్ ఒక్కొక్క జవానును కూర్చోబెట్టి మరీ చెప్పాడు. ఈ రోగం ముందు బయటి చేలల్లో, గుట్టల్లో బతికే ఎలుకలదట. చలికాలం జొన్న కోతలయ్యాక అవి తిండి వెతుక్కుంటూ ఇళ్ళలోకి వస్తాయి. వాటి ఒంటి మీద పిస్సులుంటాయి. రెక్కల్లేని నల్లటి పురుగులు, నువ్వుగింజ కన్నా చిన్నవి, జానెడు ఎత్తు దుముకుతాయి. ఆ పిస్సులు కుట్టి ఇంటి ఎలుకలు చస్తాయి. చచ్చిన ఎలుక ఒళ్ళు చల్లబడగానే పిస్సులు దాన్ని వదిలేసి వెచ్చటి ఒళ్ళు వెతుక్కుంటాయి. "ఎలుక పడ్డ ఇంట్లో ఒక్క రోజు కూడా మనిషి ఉండొద్దు" అన్నాడు. నాకు అర్థమైంది. నేను మొద్దును కాను.

ఫసలీ 1344, బహమన్ నెల, అంటే ఇంగ్లీషు లెక్కన 1934 డిసెంబరు. మా చెల్లె సత్తెమ్మ ఇంట్లో బర్రె ఈనింది. మా బావ భిక్షపతికి ఆరు బర్రెలు. చార్మినార్ కాడి చాయ్ హోటళ్ళకు పాలు పోస్తాడు. మూడో రోజు ఉదయం నా తిరుగుడులోనే వాళ్ళింటికి వెళ్ళాను. సత్తెమ్మ జున్ను వండి నా కోసం దాచిపెట్టింది. వాకిట్లో పీట వేసి కూర్చోబెట్టింది.

అప్పుడే నా మేనకోడలు నీలమ్మ పత్తిగింజల అర్రలో నుంచి వచ్చింది. దానికి ఆరేళ్ళు. ఆ అర్రలో గోనె బస్తాల మీద పొర్లడం దాని ఆట.

"మామా, ఇగ సూడు. ఎలుక తాగినోని లెక్క గుండ్రంగ తిరుగుతుంది" అంది నవ్వుతూ.

లేచి వెళ్ళేసరికి అది బస్తా మీద వెల్లకిలా పడి ఉంది. పిల్లను బయటికి నెట్టి, పట్టకారుతో ఎలుకను పట్టుకుని, వెనక దొడ్లో గ్యాసునూనె పోసి కాల్చాను. తిరిగొచ్చి రిజిస్టరు తెరిచాను.

భిక్షపతి నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, రాయకు. గొడ్డు ఈని మూడొద్దులే అయింది. పదకొండొద్దులకు మల్లన్నకు పాలు పొంగిచ్చేదాక దాన్ని గడప ఎట్ల దాటిస్తం? నువ్వు మనోనివే గదా."

"గడప సంగతి తర్వాత. ఆ ఎలుక మీద పిస్సులున్నయి. అవి ఇప్పుడు నీ బస్తాలల్ల ఉన్నయి" అన్నాను.

అతను నవ్వాడు. "పురుగుకు నేను భయపడతనా? పుట్టినకాడికెల్లి బర్రెల గోమార్లు పీకుతున్న. ఈ గోర్లతోని రోజుకు వంద నలుపుత. ఒక్కటి నన్నేం చేసింది?"

గొడ్ల ఒంటి మీద రక్తం తాగి బలిసిన గోమార్లను పీకడం పాలవాళ్ళకు దినచర్య. పురుగంటే వాళ్ళకు అదే. ఆ మూర్ఖుడికి అక్కడే గట్టిగా గడ్డి పెట్టాల్సింది. వాడి రెక్క పట్టి బయటికి ఈడ్చాల్సింది.

ఈడ్చలేదు. పదకొండో రోజు ఆనవాయితీ మా ఇంట్లోనూ ఉంది. నా ఓదెలు అన్న పేరే ఆ మల్లన్న వెలసిన ఊరిది. సత్తెమ్మ నా వైపే చూస్తూ నిలబడింది. నేను రిజిస్టరు మూశాను. అర్రకు గొళ్ళెం పెట్టమన్నాను, పిల్లను అటు పోనివ్వొద్దన్నాను. చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుని, పీట మీద కూర్చుని జున్ను తిన్నాను. రెండోసారి కూడా వేయించుకున్నాను.

అర్రకు గొళ్ళెం ఎలా పెడతారు? ఆరు బర్రెలకు రెండు పూటలా పత్తిగింజలు అందులో నుంచే తీయాలి. ఆ సంగతి నాకు తెలియదా?

బర్రె ఈనిన తొమ్మిదో రోజు మళ్ళీ వెళ్ళాను. నీలమ్మ దూడ దగ్గర లేదు. మూలన గోనెపట్టా కప్పుకుని మూలుగుతోంది. చలికి వణుకుతుంటే సత్తెమ్మే ఆ పట్టా అర్రలో నుంచి తెచ్చి కప్పిందట. పిల్ల ఒళ్ళు పెనంలా కాలుతోంది. గజ్జల్లో నిమ్మకాయంత గడ్డ.

పట్టాను కాలితో అవతలికి తోసి తలుపు మీద ఎర్ర గుర్తు వేశాను. బర్రె పలుపు నేనే విప్పి ముందు దాన్నే బయటికి నడిపించాను. అది తోక ఊపుకుంటూ గడప దాటింది. దానికీ దూడకూ ఏమీ కాలేదు. ఆ రోజు దాటినట్టే ఆరు రోజుల ముందు కూడా దాటేది.

పదకొండో రోజు మధ్యాహ్నం తడికెల గుడిసెలో నీలమ్మ చచ్చిపోయింది.

భిక్షపతి నేల మీద కూలబడి, "గడప దాటించినవ్ బావా. గందుకే మల్లన్న కోపం చేసిండు" అన్నాడు.

నా ఒళ్ళు భగ్గుమంది. వాడి మెడ పట్టుకున్నాను. "మల్లన్న కాదురా, నువ్వు. నీ బస్తాలు, నీ పదకొండొద్దులు. పిస్సులని చెప్పిన్నా లేదా? నవ్వినవ్ గదరా" అని అరిచాను. చుట్టుపక్కల గుడిసెల జనం గుమిగూడారు. నేను ఆపలేదు. మూర్ఖులని, మొద్దులని వాళ్ళందరినీ కలిపి తిట్టాను.

సత్తెమ్మ వచ్చి నా చెయ్యి అతని మెడ మీంచి తీసేసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు.

"ఆయనను తిట్టకు అన్నా. ఆయనకు తెల్వదు. గోమారి తప్ప ఇంకో పురుగు ఎర్కలేదు. నాకు తెల్వదు, గా పట్టా నేనే కప్పిన. నీకు ఎర్కే గదా. ఎలుకను పట్టకారుతోని పట్టినవ్. చెయ్యి పెట్టలే. సబ్బుతోని కడుక్కున్నవ్. కడుక్కొని తిన్నవ్."

ఆరేళ్ళుగా ఊరందరినీ తిట్టినవాణ్ణి, తల దించుకుని ఆ జనం మధ్య నుంచి బయటికి నడిచాను.

మరుసటేడు ఆ బర్రె మళ్ళీ ఈనింది. మూడో రోజు సత్తెమ్మ మా ఇంటికి వచ్చింది. ఇత్తడి గిన్నెలో జున్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"తిను" అంది.

నేను గిన్నెను పక్కకు జరిపాను. ఆమె కదల్లేదు. నేను తినేదాకా, గిన్నె అడుగు కనబడేదాకా నిలబడి చూసింది. తర్వాత ఆ గిన్నె కడగకుండానే తీసుకుని వెళ్ళిపోయింది.