అవ్వకు పాలు పడినాయి

పొద్దున మగ్గం చప్పుడు మొదలైతే ఆ ఇంట్లో పనులన్నీ దాని వెంటే నడుస్తాయి. బాలాజి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి పట్టుచీర నేస్తుంటాడు. అతని తల్లి చౌడమ్మ నడవలో రాట్నం ముందు కూర్చుని పట్టుదారం కండెలకు చుడుతుంది. కోడలు రోజా వంట ముగించుకొచ్చి ఆ కండెలు మగ్గానికి అందిస్తుంది. ధర్మవరంలో ఆ వీధి వీధంతా ఇంతే. ఎండ వాకిట్లోకి వచ్చే వేళకు, మూడో ఏడు నడుస్తున్న లాస్య ఆట వదిలేసి తల్లి కొంగు పట్టుకుంటుంది. రోజా పిల్లను ఎత్తుకుని లోపలి గదిలోకి పోయి గడియ వేసుకుంటుంది.

లాస్య చంటిపిల్లగా ఉన్నప్పుడు రోజా అరుగు మీద కూర్చునే పాలిచ్చేది. పిల్లకు నడకొచ్చింది, మాటలొచ్చాయి, నోటినిండా పళ్ళొచ్చాయి. చూసేవాళ్ళ చూపూ మారింది. ఒకరోజు కొళాయి దగ్గర ఎదురింటి సుధారాణి, "ఏం రోజా, రేపు బడికి పంపేటప్పుడు క్యారియర్లో కట్టిస్తావా యేంది?" అంది. బిందెలు పట్టుకున్నవాళ్ళంతా నవ్వారు. రోజా కూడా నవ్వింది. ఇంటికొచ్చాక, తానూ నవ్వినందుకే ఎక్కువ సిగ్గేసింది. ఆ మధ్యాహ్నం నుంచే గడియ.

తర్వాత పెనుకొండలో పెండ్లి వచ్చింది. చౌడమ్మ అన్న గంగప్ప మనవరాలి పెండ్లి. భోజనాల పంక్తిలో, నిద్రమత్తులో ఉన్న లాస్య తల్లి జాకెట్టు పట్టుకుని "అమ్మా, పాలు" అంది, గట్టిగా. వరసలో చేతులన్నీ ఆగిపోయినట్టు అనిపించింది రోజాకు. వడ్డన చూస్తున్న గంగప్ప అక్కడే నిలబడిపోయాడు.

"ఇంత పిల్లకు ఇంకా పాలేంది? బుద్ధి మందగిస్తాది. ఏం చౌడీ, పెద్దదానివి, నువ్వన్నా చెప్పద్దా?"

రోజా ఆకు ముందు నుంచి లేచిపోయింది. చేతులు కడుక్కునే చోట, గోడవైపు తిరిగి నిలబడి పిల్లకు పాలిచ్చింది. ఎవరో వచ్చి కొళాయి తిప్పిన ప్రతిసారీ మెడ ఇంకాస్త వంచింది.

రాత్రి బస్సుకు ధర్మవరం చేరారు. తెల్లారి చౌడమ్మ వేపాకు దూసుకొచ్చి, మెత్తగా నూరి, గిన్నె కోడలి ముందు పెట్టింది.

"రొమ్ముకు పూసుకో, చేదుకు మానేస్తాది. నేనూ వీధిలో తలెత్తుకుని తిరగాల."

రోజా పూసుకుంది. లాస్య నోరు పెట్టి, ముఖం చిట్లించి వెనక్కి జరిగింది. ఏడవలేదు. ఆ పచ్చటి ముద్దను పరీక్షగా చూసి, "నొప్పా అమ్మా? పుండయిందా?" అంటూ దగ్గరికొచ్చి, బుగ్గలు పూరించి ఉఫ్ ఉఫ్‌మని ఊదింది. రోజా పిల్ల కళ్ళలోకి చూడలేకపోయింది. పెండ్లిలో పడిన సిగ్గు దీని ముందు ఏపాటిది?

లాస్య మళ్ళీ పాలడగలేదు. అన్నమూ అడగలేదు. తల్లికి నొప్పి చేస్తానేమోనని దూరదూరంగా తిరిగి, మూలన కూర్చుని బొటనవేలు చీకేది. ఒళ్ళు కాలింది. డాక్టరిచ్చిన మందు కక్కేసింది. రోజా రాయిలా గట్టిపడిన రొమ్ములతో పెరట్లో గోడచాటుకు పోయి పాలు పిండి పారబోసేది.

ఒకరోజు పొద్దున నిద్రలో ఆ పిల్ల సన్నగా మూలిగింది. రాట్నం మీద చౌడమ్మ చెయ్యి ఆగింది. ఆమె రవిక ముందంతా తడిసిపోయింది.

బాలాజి మగ్గంలోంచి తల తిప్పి చూశాడు. "మా, నీకు పాలొచ్చినట్టుండాయి. పట్టు మీద పడతాయి, పక్కకు జరుగు," అని మళ్ళీ పోగుల మధ్య నాడె విసిరాడు.

సాయంత్రానికి కొళాయి దగ్గర తెలిసిపోయింది.

"చౌడమ్మకు పాలు పడినాయంట," అంది సుధారాణి.

"ఆ వయసులో ఒంటికి మంచిది కాదు. మెంతులు తగ్గించమను," అంది ఇంకొకామె, బిందె కింద పెడుతూ.

చౌడమ్మ మాత్రం సిగ్గుతో సగమైపోయింది. రవిక లోపల గుడ్డలు మడిచి పెట్టుకుంది. ఎవరైనా పలకరిస్తే చేతులు గుండెలకు అడ్డం పెట్టుకునేది. చివరికి ఆమే లోపలి గదిలోకి పోయి గడియ వేసుకుంది. లాస్య ఆ వాసన పట్టుకుని పోయి, తలుపు కింద సందులో వేళ్ళు దూర్చి "అవ్వా" అంది. కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

రోజా పోయి చూసేసరికి పిల్ల గుటకలు వినబడుతున్నాయి. చౌడమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. తల మీద కొంగు, వంగిన మెడ, కదులుతున్న భుజాలు. తాను పెనుకొండలో ఎట్లా కనబడి ఉంటుందో రోజాకు అప్పుడు తెలిసింది. వెనక్కొచ్చి పొయ్యి ముందు ఊరికే కూర్చుండిపోయింది. అత్త మీద జాలేసింది. తన బిడ్డ ఇంకొకరి ఒళ్ళో తాగుతోందని కడుపూ మండింది.

ఆ రాత్రికే పిల్లకు జ్వరం దిగింది. మజ్జిగన్నం తినింది.

కొన్నాళ్ళకు పెండ్లి ఆల్బమ్ చూపించడానికని గంగప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చౌడమ్మ గడప మీద కూర్చుంది. అంతలో లాస్య వచ్చి అవ్వ కొంగు లాగింది. చెల్లెలికి పాలు పడిన సంగతి పెనుకొండ దాకా పోయింది కాబట్టి ఆయన దానికేమీ ఆశ్చర్యపోలేదు.

"నువ్వు గూడా మొదలుపెట్టినావా చౌడీ? ఇంత పిల్లకు సిగ్గు నేర్పేటోళ్ళే లేరా ఈ ఇంట్లో?"

చౌడమ్మ కొంగు గుండెలకు అడ్డం లాక్కుంది. మనవరాలి చెయ్యి విడిపించబోయింది. రవిక మాత్రం తడుస్తూనే ఉంది. ఆ ముసలి ముఖం కందిపోవడం లోపలి నుంచి రోజా చూసింది.

ఆమె వచ్చి అత్త పక్కనే గడప మీద కూర్చుంది. "రా లాస్యా. అమ్మకు నయమైపోయింది."

పిల్ల అనుమానంగా ముందు నాలుక కొసతో చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది.

"మామా, అది తాగేదాకా మీరు ఫోటోలు చూస్తా ఉండండి," అంది రోజా. వీధిలో జనం వస్తూ పోతూ ఉన్నారు. ఆమె చెవులు మండుతున్నాయి. సిగ్గు పోలేదు. సిగ్గుతోనే కూర్చుంది.

గంగప్ప ఆల్బమ్ మూసి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "మంచినీళ్ళుంటే తెండి," అన్నాడు.

చౌడమ్మ కోడలి పక్క నుంచి లేవలేదు. "లోపల కడవలో ఉండాయి. ముంచుకో పో అన్నా."

ఆయన లోపలికి పోయాక ఆమె గుండెలు తడుముకుంది. రవిక ఆరిపోయి ఉంది. మళ్ళీ ఎప్పుడూ తడవలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు.

వీధి నోరు మూతపడలేదు. రోజా మళ్ళీ గదిలోకి పోలేదు. లాస్య పాలెప్పుడు మానిందో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ఆటలో పడి ఒకరోజు మర్చిపోయింది, ఇంకొక రోజు మర్చిపోయింది. పిల్ల ఆఖరుగా తాగిన పూట, అదే చివరిసారని తెలియక, రోజా ఎవరేమనుకుంటున్నారో అని వీధి వైపే చూస్తూ కూర్చుంది.