గుర్తు లేని చొక్కాలు

మా లాండ్రీలో పనిచేసేవాళ్ళ చేతుల మీద మచ్చ లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. బ్లీచింగ్ చిందుతుంది, ఇస్త్రీపెట్టె ఆవిరి కొడుతుంది, సబ్బు పొడి చర్మాన్ని తినేస్తుంది. అందుకే ఆ సోమవారం పొద్దున నా ముంజేతి మీద నాలుగు పొక్కులు లేస్తే మా అక్క ఒక్క చూపు చూసి తీర్పు చెప్పేసింది. బ్లీచింగ్ పడిందట, చిరిగిన గ్లౌజులు మార్చమంటే వినను కాబట్టి నాకలాగే కావాలట. సొరుగులోంచి మందు తీసి రెండు తిట్లు కలిపి రాసింది. ఒళ్ళు వెచ్చగా ఉందన్నాను. డ్రైయర్ల పక్కన నిలబడితే ఎవరికైనా వెచ్చగానే ఉంటుందంది. ఇరవై రెండేళ్ళ అనుభవం ఆవిడది. ఆ అనుభవమే మమ్మల్ని రెండు రోజులు ముంచింది.

నేనూ అదే నమ్మాను. కానీ మంగళవారం సాయంత్రానికి, బ్లీచింగ్ ఎంత చిందినా పడే అవకాశం లేని చోట కూడా పొక్కులు లేచాయి. ఆ సంగతి అక్కకి చెప్పుకునేది కాదు. బాత్రూములో అద్దం ముందు నిలబడి వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను.

అప్పటికి రెండు నెలలుగా పేపర్లలో ఎంపాక్స్ అనే పొక్కుల జబ్బు గురించి రాస్తున్నారు. మా బావకి రోజూ కౌంటర్లో కూర్చుని పేపరు పైకి చదివే అలవాటుంది. "ఇది మగాళ్ళతో తిరిగే మగాళ్ళకొచ్చే జబ్బట, మనకేం భయం లేదు" అని బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళకి భరోసా ఇచ్చేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని ఎవరైనా అడుగుతారేమోనని నా భయం. ఎదుటివాడి జోకుకి నవ్వి బతకడంలో నాకు పెద్ద డిగ్రీయే ఇవ్వొచ్చు.

బుధవారం పొద్దున హోటలు దుప్పట్లు ఇచ్చి వస్తానని అబద్ధం చెప్పి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. నర్సు నాకంటే చాలా చిన్నది. తలుపు వేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, షుగరుందా, బీపీ ఉందా అని అడిగినంత మామూలుగా, ఆడవాళ్ళతోనా, మగవాళ్ళతోనా, ఇద్దరితోనా అని అడిగింది. నలభై మూడేళ్ళలో నన్ను ఆ మాట అంత మర్యాదగా అడిగినవాళ్ళు లేరు. జవాబు దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ రాసుకుంది, అంతే. కలం ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆ ఆగకపోవడానికి నేను ఆవిడకి ఇవాళ్టికీ మనసులో దండం పెట్టుకుంటాను.

పొక్కుల్ని తుడిచి పరీక్షకి పంపింది. పనిలో పనిగా హెచ్ఐవీకీ, సిఫిలిస్‌కీ కూడా రక్తం తీసింది. చూస్తుంటే ఎంపాక్సే అనిపిస్తోందనీ, ఫలితం వచ్చేదాకా ఆగకుండా ఇవాళ్టినుంచే విడిగా ఒక గదిలో ఉండమనీ చెప్పింది. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"ఇది మనిషిని చూసి అంటుకునేది కాదండీ. చర్మానికి చర్మం తగిలితే వస్తుంది. మీకెవరు అంటించారో నాకక్కర్లేదు. మీ నుంచి ఎవరికి వచ్చే వీలుందో వాళ్ళు కావాలి. తగిలిన నాలుగు రోజుల్లోపు టీకా వేస్తే చాలావరకు ఆపొచ్చు."

అక్క గురించి చెప్పాను. పెద్ద దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరు మనుషులుండాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని, ఎదురెదురుగా నడిచి, కొసలు చేతికి చేతికి మార్చుకోవాలి. రోజుకి నూట నలభై దుప్పట్లు, అన్నిసార్లూ అక్క వేళ్ళూ నా వేళ్ళూ కలుస్తాయి. బావ గురించి కూడా చెప్పాను. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. ఎవరూ లేరన్నాను.

ఉన్నాడు. లెక్కల మాస్టారు. మా వీధి చివర బడిలో పాఠాలు చెప్తాడు, రెండు వీధుల అవతల ఒక్కడే ఉంటాడు. మా పరిచయానికి పదకొండేళ్ళు. ఆదివారం మధ్యాహ్నమంతా ఆయన దగ్గరే ఉన్నాను. అంటే నాలుగో రోజు రేపే. చెప్పడానికి నోరెందుకు రాలేదంటే, నెల కిందట మేమిద్దరం పోట్లాడుకుని మాటలు మానేశాం. ఆ ఉక్రోషంలో ఒక సాయంత్రం వేరే మనిషితో గడిపాను. ఆదివారం నాడు రాజీ పడ్డాం, ఆ సంగతి మాత్రం మింగేశాను. ఇప్పుడు జబ్బు గురించి చెప్తే అదీ చెప్పాలి. పైగా టీకా కోసం నిలబడే వరుస ఆరోగ్య కేంద్రం గోడ పొడుగునా, బస్టాపు ఎదురుగా ఉంటుంది. అందులో మాస్టారు నిలబడితే బడి పిల్లల తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు చూడకుండా ఉండరు. ఆయన పరువు కాపాడుతున్నానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి కాపాడుకుంటున్నది నా తోలు.

షాపు పైన నా గది. అక్కని మెట్ల మీదే ఆపి, జబ్బు పేరూ, నర్సు చెప్పిన జాగ్రత్తలూ, టీకా గడువూ చెప్పి, తలుపు వేసుకున్నాను. బావ కింద గొడవ మొదలుపెట్టాడు. దుప్పట్లన్నీ పాడైపోయాయి, షాపు మూసుకోవాలి అని. వేడి నీళ్ళలో ఉతికి డ్రైయర్లో వేస్తే చాలని నర్సు చెప్పిందట, మన పని మనకి ఒకరు నేర్పాలా అని అక్క ఆయన నోరు మూయించింది. నేను ముట్టుకున్న బట్టలన్నీ మళ్ళీ ఉతికించింది. సాయంత్రం పైకొచ్చి తలుపవతల మెట్టు మీద కూర్చుంది.

నర్సుకి ఎవరెవరి గురించి చెప్పావని అడిగింది. నీ గురించీ, బావ గురించీ అన్నాను. 

"మాస్టారి గురించి చెప్పలేదా?"

నేను తలుపు గడియ ఇంకోసారి నొక్కి చూసుకున్నాను.

"ఒరేయ్, మన షాపుకొచ్చే ప్రతి బట్టకీ కాలరు లోపల సిరాతో గుర్తు పెడతాం. లేకపోతే ఎవరిది ఎవరికి పోతుందో తెలీదు. పదకొండేళ్ళుగా ఒక్క మనిషి చొక్కాలకే నువ్వు గుర్తు పెట్టలేదు. అవి ఒక్కసారీ తారుమారు కాలేదు. వాటిని ఇస్త్రీ చేస్తున్నది నేను కాదూ? ఆ మాత్రం తెలుసుకోవడానికి నాకు చదువు కావాలా?"

నిజమే. ఆ చొక్కాల మీద నంబరు రాయడానికి నాకెప్పుడూ చెయ్యి రాలేదు. ఇన్నేళ్ళూ గుట్టుగా కాపురం చేస్తున్నాననుకున్నవాణ్ణి, ప్రతి వారం ఆ గుట్టుని నా చేత్తోనే మడతపెట్టి అక్క ముందు పెడుతూ వచ్చాను. సిగ్గు ముంచుకొచ్చింది, దాని వెనకే కోపం. నీ పని నువ్వు చూసుకో అని అరిచాను. ఆవిడ గొంతు పెంచలేదు. ఆదివారం ఆయన దగ్గరికి వెళ్ళావు, రేపటితో గడువైపోతుంది కదా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అని మాత్రం అడిగింది. ఫోను నా చేతిలోనే ఉంది. పది నిమిషాలు చూసి అక్క లేచింది. కింద కాగితం చప్పుడైంది, మాస్టారి చొక్కాలు పొట్లం కడుతోందని అర్థమైంది. షట్టరు ఎత్తిన చప్పుడు వినగానే నాకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే తలుపుకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాను. నా వల్ల కానిది ఆవిడ చేస్తోంది. అడ్డుపడటానికి నేను లేవలేదు.

చొక్కాలిచ్చి, మా తమ్ముడికి ఫలానా జబ్బు, రేపటిలోగా మీరు సూది వేయించుకోవాలి, నేనూ వేయించుకోవాలి, ఒక్కదాన్నే వెళ్ళాలంటే బెరుగ్గా ఉంది, తోడు రండి అన్నదట. మా అక్కకి బెరుకు! హోటలు మేనేజర్లని గడగడలాడించే మనిషి. మర్నాడు తిరిగొచ్చి, ఇద్దరం వేయించుకున్నాం, నొప్పి లేదు అని తలుపులోంచి రెండు ముక్కలు చెప్పి కిందికి పోయింది. పోతూ పోతూ, మిగతాది నువ్వే చెప్పుకోవాలంది.

ఆ రోజే ఫోనులో చెప్పుకున్నాను, ఆ సాయంత్రం సంగతి, ఆ వేరే మనిషి సంగతి, అంతా. మాస్టారు చివరిదాకా విని పెట్టేశాడు. తర్వాత తొమ్మిది రోజులు ఉలుకూ పలుకూ లేదు. పొక్కుల నొప్పి భరించొచ్చు, అది మాత్రం భరించలేకపోయాను. రోజూ పదకొండింటికి నర్సు ఫోను చేసేది, జ్వరం ఎంతుంది, తింటున్నారా, ఏడుస్తున్నారా అని అదే వరుసలో అడిగేది. రక్తపరీక్షలు రెండూ బాగున్నాయని ఆవిడే చెప్పింది. ఆ వేరే మనిషికి కూడా నా పేరు బయటికి రాకుండా ఆవిడే కబురు పంపింది. మూడు పూటలా తలుపు ముందు క్యారేజీ ఉండేది. ఒక రోజు దాని పక్కన మడతపెట్టిన పేపరు ఉంది. జబ్బు గురించి రాసిన ముక్క ఎవరో కత్తిరించి తీసేశారు. మా ఇంట్లో పేపరు ముట్టుకునేది బావ ఒక్కడే.

పదో రోజు మాస్టారి నుంచి మెసేజీ వచ్చింది. "పొక్కులేమీ లేవు." అంతే. నేను దిండులో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆయన ఒళ్ళు బాగుంది. నన్ను వదిలేసినా సరే, ఆయన ఒళ్ళు బాగుంది.

ఇరవై నాలుగో రోజుకి పెచ్చులన్నీ రాలి కొత్త చర్మం వచ్చింది. ఇక బయటికి రావచ్చని నర్సు చెప్పింది. ఆ సాయంత్రం మాస్టారు మేడెక్కి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. కాస్త చిక్కాడు. నా మీద కోపం పోయిందని అనుకోవద్దన్నాడు. అనుకోవడం లేదన్నాను.

"ఆ వరుసలో మా బడి పిల్లాడి తండ్రి ఉన్నాడు. మీకు దుప్పట్లు పంపే హోటలు మేనేజరూ ఉన్నాడు. రిజిస్టరు రాసే అతను మీ అక్కని, ఈయన మీకేమవుతారండీ అని అడిగాడు. ఎవరూ కాను, షాపుకొచ్చే మనిషిని అని చెబ్దామని నేను నోరు తెరిచాను. ఈలోగా ఆవిడే చెప్పేసింది. మా తమ్ముడి మనిషి, పదకొండేళ్ళయింది, రాసుకో నాయనా అని. అందరూ విన్నారు.  ఇంటికెళ్ళి తలుపేసుకుని ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనుకున్నాను."

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వెప్పుడైనా అన్నావా ఆ మాట, ఎవరితోనైనా?"

అనలేదు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు. లేచి, ఆయన్ని కిందికి రమ్మన్నాను.

షాపులో అక్క ఇస్త్రీ చేస్తోంది. బావ హాస్టలు తువ్వాళ్ళు లెక్కపెడుతున్నాడు. కౌంటరు ముందు ఒకావిడ రసీదు కోసం నిలబడి ఉంది. ఆవిడ వెళ్ళేదాకా ఆగుదామనిపించింది. అలా ఆగి ఆగే ఇంత దూరం వచ్చానని గుర్తొచ్చి ఆగలేదు.

"బావా, మాస్టారు నా మనిషి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. బావ చెయ్యి తువ్వాళ్ళ మీద ఆగిపోయింది. నా వైపు చూడలేదు, మాస్టారి వైపూ చూడలేదు. లెక్క తప్పినట్టుంది, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. అక్క ఇస్త్రీపెట్టె దించకుండానే, తన పక్కనున్న స్టూలుని కాలితో మాస్టారి వైపు జరిపింది.

మాస్టారు కూర్చున్నాడు.