నరసమ్మ దండకడియం

తెల్లవారగానే ధనుంజయ గొర్రెలను తోలుకొని కొండవాలుకు పోతాడు. మందతో నడవలేని గొర్రెపిల్లలను అతని తల్లి నరసమ్మ వసారాలో వెదురు గంపల కింద మూసి, వాటి నడుమ గోనెపట్ట పరచుకొని కూర్చుంటుంది. తల్లిగొర్రెల అరుపు దూరమయ్యేదాకా పిల్లలు గంపల్లోంచి బదులు పలుకుతూనే ఉంటాయి. ఆ సద్దు మణిగే వేళకు మనుమరాలు లక్ష్మీప్రియ కొమరోలు రోడ్డు మీద పరుగు ముగించుకొని ఇల్లు చేరుతుంది. తల్లి రమణి ఆమె ముందు రెండు ఉడికించిన గుడ్లు, గుప్పెడు నానిన శనగవిత్తనాలు, నెయ్యి వేసిన సంగటి ముద్ద పెడుతుంది.

"ఉప్పు చాలిందా?" అని మాత్రం అడుగుతుంది.

అంతకు మించి అడగటానికి ఆ ఇంట్లో అనుమతి లేదు. "తిను" అనకూడదు. "ఇంకొంచెం" అనకూడదు. లక్ష్మీప్రియ పదో తరగతి చదివేటప్పుడు ఒక సాయంత్రం పుస్తకాల సంచి విసిరికొట్టి, తన ఒంటి గురించి ఈ గడప లోపల ఇక ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడటానికి వీల్లేదని చెప్పింది. బడిలో ఆమెను అగ్గిపుల్ల అనేవారు. బస్సులో కండక్టరు నవ్వుతూ, "నీకు అర టికెట్టు చాల్లే పాపా" అనేవాడు. ఎండాకాలం సుడిగాలి లేచినప్పుడల్లా వీధిలో ఎవరో ఒకరు, "స్తంభాన్ని పట్టుకోవే, గిద్దలూరులో తేలుతావు!" అని అరిచేవారు. లావైన మనిషిని అనటానికి కొందరైనా వెనుకాడతారు. బక్కపలచని మనిషిని అనటానికి ఎవరూ వెనుకాడరు. అది ముద్దుమాటే అనుకుంటారు.

ఇప్పుడామెకు ఇరవై మూడేళ్ళు. కానిస్టేబుల్ కొలువు తప్ప వేరే ఆశ పెట్టుకోలేదు. క్రితం సారి రాతపరీక్షలో నెగ్గి, ఒంగోలులో కాటా మీద నిలబడి ఓడిపోయింది. నలభై కిలోలు ఉండాలి. ముప్పైతొమ్మిది కిలోల నాలుగు వందల గ్రాములు చూపింది. "ఇంటికి పోయి అన్నం తినమ్మా," అన్నాడు పేర్లు రాసుకుంటున్న మనిషి. వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఈసారి మళ్ళీ రాతపరీక్ష నెగ్గింది. కొలతలకు గురువారం రమ్మని కబురు వచ్చింది. ఈ అవకాశం తప్పితే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో ఎవరూ చెప్పలేరు. వారానికి రెండుసార్లు కొమరోలులో ఎరువుల దుకాణం ముందున్న కాటా ఎక్కి చూసుకుంటున్నది. ఆరు నెలల గుడ్లకూ సంగటికీ ఆ ముల్లు గింజంతైనా కదలలేదు.

నరసమ్మ సంగతి వేరు. ఆమె భారీ మనిషి. లేవాలంటే గుంజ పట్టుకోవాలి. ఎడమ జబ్బకు ఆమె పెళ్ళినాటి వెండి దండకడియం ఉంది. అది కండలోకి దిగబడి, పైకి సన్నని తెల్లని గీతలాగా మాత్రమే కనిపిస్తుంది. వీధివారు ఆమెను గాదె అంటారు. ఆమె విని ఊరుకుంటుంది. డెబ్బై ఏళ్ళు దాటిన ఆ మనిషి ఎవరి ఒంటి గురించీ మంచిగానీ చెడుగానీ ఒక మాట అనగా ఇరవై ఏళ్ళుగా విన్నవారు లేరు.

అంతకు ముందు ఆమె మాట కోసమే జనం వచ్చేవారు.

నరసమ్మ ఒకరి ఒంటిని గురించి ఏమంటే అది ఆ ఒంటికి పట్టేది. ఆమె తల్లికీ అట్లాగే పట్టేదట. కరువుకాలంలో కంభం వైపు నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చేవారు. జ్వరం పడి లేచిన పిల్లవాడు, పాలు చాలని బాలింత, పొలం దున్నలేక కూలబడిన రైతు వసారా ముందు నిలబడి, "నేనెట్ల ఉండాను నరసమ్మా?" అని అడిగేవారు. ఆమె తేరిపార చూసి, "ఒళ్ళు పట్టినావులే నాయనా," అనేది. వాళ్ళు వచ్చినప్పటి కంటే నిండుగా తిరిగి పోయేవారు. ఆ నిండుదనం ఎక్కడినుంచో ఊడిపడేది కాదు. ఆమె ఒంటినుంచే పోయేది. అందుకే మాట తీసుకున్నవారు ఆ పూట ఆమెకు అన్నం పెట్టటం ఆచారం. బెల్లపు అచ్చు, నెయ్యి ముంత, చేనిలోని కందికాయలు, ఎవరికి ఉన్నది వారు తెచ్చేవారు. ఆ రోజుల్లో "ఒళ్ళు చేసినావు" అంటే దీవెన. పండుగకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను గడపలో నిలబెట్టి ఆ మాట అంటే, ఆమె అత్తవారికి కూడా పేరు వచ్చేది.

కాలం మారింది. తర్వాత్తర్వాత వచ్చినవారు వేరే మాట కావాలన్నారు. మార్కాపురం నుంచి పలకల వ్యాపారి వరప్రసాదం భార్య విజయలక్ష్మి కారులో వచ్చి, "నన్ను సన్నబడినావను పెద్దమ్మా, ఎంత ఖర్చయినా పరవాలేదు," అన్నది.

"నీ ఒంట్లోది తీసి నేనెక్కడ పెట్టుకోవాలమ్మా?" అన్నది నరసమ్మ. "నా ఇల్లు చూస్తే రెండే అంకణాలు."

విజయలక్ష్మి నవ్వి, కాఫీ తాగి, నిమ్మళంగా వెళ్ళిపోయింది.

నరసమ్మకు తల్లి నేర్పిన కట్టుబాటు ఒకటే. అడగని ఒంటి మీద మాట పెట్టకూడదు. ఆ మనిషి తనంతట తాను నోరు తెరిచి అడగాలి. అడగకుండా పెట్టిన మాటను తిప్పాలన్నా ఆ మనిషే అడగాలి. ఈ కట్టుబాటును ఆమె జీవితంలో ఒక్కసారే తప్పింది.

లక్ష్మీప్రియకు పేరు పెట్టిన రోజున తప్పింది. బిడ్డ పుట్టుకతోనే బొద్దుగా ఉండేది. ఉయ్యాల ఊపితే దూలానికి కట్టిన తాడు కిర్రుకిర్రుమనేది. ఆ పక్క ఊళ్ళలో బొద్దుగా ఉన్న బిడ్డను బొద్దుగా ఉందనరు. దిష్టి తగులుతుందని తలకిందుల మాట అంటారు. వచ్చిన ప్రతి ఆడమనిషీ ఉయ్యాలలోకి వంగి, "ఏందమ్మా, ఇట్ల ఎండిపోయింది బిడ్డ!" అని మెటికలు విరిచింది. పక్కింటి వెంకటసుబ్బులమ్మ ఊరుకోక, "నువ్వూ అనత్తా ఒకమాట. జేజి దిష్టే ముందు తగిలేది," అన్నది. ఇంటినిండా చుట్టాలు. తనను జేజీ అని పిలవబోయే మొదటి మనుమరాలు. నరసమ్మ ఆ సంతోషంలో తానెవరో మరిచిపోయింది.

"ఎండిపోయింది నా తల్లి," అన్నది.

తాడు చప్పుడు ఆగిపోయింది. నరసమ్మ జబ్బ మీద దండకడియం బిగుసుకున్నది.

ఏమి జరిగిందో ఇంట్లోవారికి తెలిసింది. బిడ్డకు మాటలు వచ్చి అడిగేదాకా ఆగాలి, అంతే. నాలుగో ఏట రమణి బిడ్డకు నేర్పించి అడిగించింది. బిడ్డ చిలకలాగా అడిగింది. నరసమ్మ మాట అన్నది. ఆ మాట పట్టలేదు. ఒకరు నేర్పి అడిగించింది అడగటం కాదు. ఆ తర్వాత ఇంట్లో ఆ ప్రసక్తి రాలేదు. పిల్లకు ఊహ తెలిసే నాటికి లోకం అడగకుండానే ఆమె ఒంటి మీద చాలినన్ని మాటలు పెట్టింది. తానెట్ల ఉన్నానో ఇక ఎవరినీ అడగాలనే కోరిక ఆమెకు మిగలలేదు. బిడ్డతోపాటు పెరగవలసిన కండ నరసమ్మ ఒంట్లో ఏటికేడు పెరుగుతూ వచ్చింది. తన తప్పుకు వీధి పెట్టిన పేరును ఆమె నోరు మెదపక మోసింది.

సోమవారం నాడు నరసమ్మ ఎడమచేయి మణికట్టు దాకా వాచింది. కంభంలో డాక్టరు చూసి, కడియం కోయించకపోతే చేతికి ముప్పు అన్నాడు. బుధవారం మధ్యాహ్నం కొమరోలు నుంచి కంసాలి ఆకురాయి, చిన్న రంపం సంచిలో వేసుకొని వచ్చాడు. చూడటానికి వెంకటసుబ్బులమ్మ కూడా వచ్చి గుంజకు ఆనుకొని నిలబడింది.

కంసాలి చేతిని అటూ ఇటూ తిప్పి చూసి నిట్టూర్చాడు. "ఇది యాడుందో ముందు వెతకాల అవ్వా. రంపం పెట్టే సందు కూడా ల్యా."

"ఇనుప సామాన్లాయన్ను పిలవాల్సింది," అన్నది వెంకటసుబ్బులమ్మ. "అది కడియమా? గాదెకేసిన పట్టా!"

కంసాలి నవ్వాడు. నరసమ్మ కూడా కొంచెం నవ్వింది. గంపకింది గొర్రెపిల్లకు సీసాతో పాలు పట్టిస్తున్న లక్ష్మీప్రియ లేచి నిలబడింది.

"ఏం మనుషులు పెద్దమ్మా మీరు? చెయ్యి వాచి ముసలామె బాధపడతా ఉంటే!"

"నేనేమన్నానే? ఉన్నమాటేగా!" అంటూ వెంకటసుబ్బులమ్మ గొణిగింది. "ఎన్నేండ్లుగా అంటన్నాం. అత్తే ఏమనుకోదు."

కంసాలికి కూడా ఆ మాటల నడుమ ఉండటం ఇబ్బందైంది. వాపు మీద వేడినీళ్ళ కాపడం పెట్టి ఉంచండి, పొద్దున్నే వచ్చి కోస్తాను అని చెప్పి వెళ్ళిపోయాడు. వెంకటసుబ్బులమ్మ కూడా కొంగు దులుపుకొని కదిలింది. వసారాలో ఇద్దరే మిగిలారు. లక్ష్మీప్రియ గిన్నెలో వేడినీళ్ళు తెచ్చి, గుడ్డ తడిపి, ఆ జబ్బ మీద అద్దుతూ కూర్చున్నది.

"జేజీ, నన్నంటే నాకు ఒళ్ళు మండిపోతాది. నిన్ను నేను పుట్టినప్పటి నుంచీ అంటనే ఉండారు. నువ్వెట్ల ఊరుకున్నావు?"

"నాది కాదుగా తల్లీ."

"ఏంది?"

"ఈ ఒళ్ళు. నాది కానిదాన్ని అంటే నాకెందుకు రోషం?"

"మరెవరిది?"

నరసమ్మ గంపకేసి చూపు తిప్పుకున్నది. చెప్పటం కూడా నేర్పటమే అవుతుంది. లక్ష్మీప్రియ చేతిలో గుడ్డ చల్లబడింది. కరువునాటి బండ్ల కథ ఆమె వినే పెరిగింది. తన ఉయ్యాల తాడు కిర్రుమనేదని తల్లి ఒకసారి నోరుజారి చెప్పి, వెంటనే పొయ్యి దగ్గరికి పోయిన సంగతి ఇప్పుడు గుర్తుకు వచ్చింది. దూలం మీద ఆ తాడు ఒరిసిన గాడి ఇంకా ఉంది. తల ఎత్తి దానిని చూసింది. తర్వాత జేజి జబ్బను చూసింది. ఆ ముసలి చేతిలో ముడత లేదు. ఆ కండ ఆ వయసుది కాదు.

గుడ్డ గిన్నెలో వేసి, లేచి, వసారా ముందు ఎండలో నిలబడింది. చిన్ననాటి నుంచి చేతులు కట్టుకొని నడవటం ఆమెకు అలవాటు. ఇప్పుడు ఆ చేతులు వదిలేసింది.

"జేజీ," అన్నది. "నేనెట్ల ఉండాను? చూసి చెప్పు."

నరసమ్మ గుంజ పట్టుకొని లేచింది. ఇరవై మూడేళ్ళుగా దించుకొని తిరిగిన కళ్ళెత్తి మనుమరాలిని కాలి వేళ్ళ నుంచి పాపిటి దాకా చూసింది. తొందరపడలేదు. ఈసారి తలకిందుల మాటకు తావు లేదు.

"నిండుగా ఉండావు తల్లీ," అన్నది.

లోపల తలుపు చాటున రమణి చేతిలో గరిటె జారి పడింది. తర్వాత బయట రాతిమీద వెండి మోగింది. దండకడియం నరసమ్మ జబ్బ నుంచి మోచేతికి, అక్కడినుంచి మణికట్టుకు జారి, వేళ్ళు దాటి కింద పడి, దొర్లి, గంప అంచున ఆగింది.

ఆచారం ప్రకారం లక్ష్మీప్రియ లోపలికి పోయి తనకోసం ఉంచిన రెండు గుడ్లు, సంగటి ముద్ద, నెయ్యి గిన్నె తెచ్చింది. నరసమ్మ చెయ్యి కడుక్కోబోతే వద్దని, తానే ముద్దలు చేసి తినిపించింది. మాట్లాడవలసింది అయిపోయింది.

గురువారం ఒంగోలులో కాటా మీద నిలబడినప్పుడు పేర్లు రాసుకుంటున్న మనిషి తల ఎత్తనైనా ఎత్తలేదు. "నలభైమూడు. దిగమ్మా. తర్వాత," అన్నాడు. తన ఒంటి గురించి పరాయి మనిషి నోట ఎత్తిపొడుపు లేని మాట వినటం ఆమెకు అదే మొదలు.

చీకటి పడకముందే ఆమె ఊళ్ళో బస్సు దిగింది. గొర్రెలు దొడ్డికి చేరుతున్నాయి. ధనుంజయ కూతురి ముఖం చూసి, తలపాగా విప్పి కళ్ళు తుడుచుకున్నాడు. వసారాలో నరసమ్మ గుంజ పట్టుకోకుండానే లేచి, ఒక్కొక్క గంపనూ ఎత్తి పిల్లలను తల్లుల దగ్గరికి వదులుతున్నది. రవిక భుజాల మీద వదులుగా ఉంది. చేతుల మీద ఆమె వయసుకు తగిన ముడతలు పడి ఉన్నాయి.

వెంకటసుబ్బులమ్మ గోడ మీదుగా తొంగిచూసింది. "అయ్యో అత్తా! ఏందిట్ల చిక్కిపోయినావు? మొన్నటిదాకా గాదెలాగ..."

"పెద్దమ్మా," అన్నది లక్ష్మీప్రియ. ఆమె గొంతులో కోపం లేదు. సంచి దించి, గడపలో నిలబడి అడిగింది. "మా జేజి నిన్ను అడిగిందా?"

వెంకటసుబ్బులమ్మ గోడ అవతలికి దిగింది. నరసమ్మ వెనక్కి తిరగలేదు. చివరి గంప ఎత్తింది. దానికింద గొర్రెపిల్ల పక్కన తుడిచి పెట్టిన కడియం ఉంది. దాన్ని తెచ్చి మనుమరాలి ఎడమచేతికి తొడిగింది. అది మణికట్టు దాటి, మోచేయి దాటి, జబ్బ మీద నిలిచింది. జారలేదు.