కూర్మయ్య ఎంచిన బాయిలరు

కూర్మయ్య ఇనుప కొంకితో బాయిలరు పొయ్యిలోని బూడిదను ముందుకు లాగి, దాని కింద ఎర్రగా ఉన్న బొగ్గును చూసి తృప్తిగా ముక్కు తుడుచుకున్నాడు. రాత్రి కప్పిపెట్టిన నిప్పు తెల్లారేదాకా ఆరలేదు. కట్టెకు ఈ గుణం లేదు. అది కోపిష్టి మనిషిలా ఒక్కసారి భగ్గుమని, కాసేపటికి ఏమీ ఎరగనట్టు బూడిదై కూర్చుంటుంది. బొగ్గు అంటుకోవడానికి బద్ధకిస్తుంది గాని, అంటుకున్నాక పట్టు వదలదు.

మలయాలో చలి అంటే కింద రబ్బరు తోటల వాళ్ళు నవ్వుతారు. తాపా నుంచి మలుపులు తిరుగుతూ లారీ ఈ కొండెక్కేసరికి ఆ నవ్వు దారిలోనే ఆగిపోతుంది. ఇక్కడ పొద్దున్న మంచు, మధ్యాహ్నం వాన, సాయంత్రం మళ్ళీ మంచు. తెలుక్ ఆన్సన్ దగ్గర రబ్బరు పలకలు ఆరబెట్టే పొగగదిలో నిప్పు వేసే కూర్మయ్యను, నిప్పు పని తెలిసినవాడని, కొత్తగా వేసిన ఈ తేయాకు తోటకు తోలేశారు. పొట్టి మనిషి, నలభై దాటినవాడు. కనుబొమ్మలు ఎప్పుడో కాలిపోయి మళ్ళీ సరిగా మొలవలేదు. కుడిచేతి మీద వెంట్రుక లేదు. పదిమందిలో నిలబెడితే లెక్కకు పనికొస్తాడు తప్ప ఎవరి కంటా పడడు.

బాయిలరు మీద మాత్రం అతనికి యజమానికి ఉండవలసినంత ప్రేమ ఉంది. దాన్ని ఎంచింది తానేనని అతని నమ్మకం. ఆకు వాడబెట్టే గదికీ, దొర బంగళాకూ ఒకే బాయిలరుతో వేడి పంపాలని అనుకున్నప్పుడు దొర రెండు బాయిలర్ల బొమ్మలు బల్ల మీద పరిచి, రేపు దాన్ని మేపవలసినవాడు కదా అని కూర్మయ్యను పిలిపించాడు. ఒకటి కట్టెలది, ఒకటి బొగ్గుది. దొర అప్పటికే మనసులో ఒకటి అనుకుని సరదాకు అడిగి ఉంటాడు. దొరలకు అలాంటి సరదాలుంటాయి.

“ఏది కావాలో సెప్పమంటన్నారు,” అన్నాడు కిరాణి సాలమన్. తోట లెక్కలు చూసే సాలమన్ అక్కడ ఇంగ్లీషు తెలిసిన ఒక్క తెలుగువాడు.

“బొగ్గుదేనండి,” అన్నాడు కూర్మయ్య.

ఎందుకో చెప్పలేదు. కట్టెల బాయిలరు వస్తే లోయలోంచి కట్టెలు మోయవలసింది ఆడవాళ్ళు. అతని పెళ్ళాం నూకమ్మ పచ్చి కట్టెల మోపులు వానలో మోసి మోసి దగ్గు తెచ్చుకుంది. ఇంకో ఏడాది మోస్తే ఉండదు. బొగ్గైతే సెలంగోర్ గనుల నుంచి లారీ మీద వస్తుంది. తోటకు ఏ బాయిలరు మంచిదో అతను ఆలోచించనే లేదు. నూకమ్మ నెత్తి మీద మోపు దిగడమే అతనికి కావలసింది.

ఆ రోజు సాలమన్ ఇంకో మాట కూడా అన్నాడు. బంగళాకు వెళ్ళే వేడినీళ్ళ గొట్టం కూలి లైన్ల వెనక నుంచి వేస్తారట. లైన్లంటే కూలీలు ఉండే వరస గదులు. చివరి గది కూర్మయ్యది. గొట్టం దాని వెనక గోడను ఆనుకుని పోతుంది. ఆ మాట విన్న దగ్గర నుంచి కూర్మయ్య మంచాన్ని ఏ గోడ వైపు జరపాలా అని ఆలోచిస్తూ, నిద్రలో కూడా దాన్ని జరుపుతూనే ఉన్నాడు.

బాయిలరు ముక్కలుగా లారీల్లో వచ్చింది. కింది పట్నం నుంచి వచ్చిన చీనా ఫిట్టరు దాన్ని బిగించాడు. కూర్మయ్య ఇటుకలు అందించాడు, బోల్టులు పట్టుకున్నాడు, బంకమట్టిలో గోనెపీచు కలిపి తొక్కి, వేడి బయటికి పోకుండా గొట్టాలకు మందంగా పూయడం నేర్చుకున్నాడు. తీరా గొట్టం వేసే నాటికి ఫిట్టరు వాలు కొలిచి, లైన్ల వెనక నుంచి చుట్టూ పోవడం దండగని, తేయాకు వరసల మీదుగా నేరుగా బంగళాకు లాగేశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇనుము ఎవరైనా తక్కువే వాడతారు.

అందుకని కూర్మయ్య మిగిలిన మట్టి అడిగి తెచ్చుకున్నాడు. ఆదివారమంతా కూర్చుని తన గది చెక్కల సందులన్నీ గొట్టానికి పూసినట్టే పూశాడు. రేకుకూ గోడకూ మధ్య చూరు సందులో గోనెసంచులు దట్టించాడు. తలుపు కింద గడపకు గుడ్డ చుట్టాడు. ఫిట్టరు చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

ఇప్పుడు పట్టకారుతో ఎర్రటి బొగ్గులు ఏరి, అడుగున ఇసుక పోసిన కిరసనాయిలు డబ్బాలో వేసుకున్నాడు. ఆ డబ్బా అతను చేసిన కుంపటే. పక్కలకు మేకుతో చిల్లులు, పైన తీగ పిడి. నిన్నటిదాకా ఆకు వాడబెట్టే గది పాత పొయ్యిలోంచి కట్టె నిప్పులు తీసుకెళ్ళేవాడు. అవి గంటలో చల్లారిపోయేవి. నిన్నటితో ఆ పొయ్యి పడగొట్టేశారు.

గదిలో నూకమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చుని దగ్గుతోంది. ఒకప్పుడు కావడి మోసిన భుజాలు ఇప్పుడు రవికెలో ఖాళీగా కదులుతున్నాయి. మూల గంప కింద పొదిగే పెట్ట గుడ్ల మీద కూర్చుని ఒంటికన్నుతో చూస్తోంది. చలికి గుడ్లు మురిగిపోతాయని నూకమ్మే దాన్ని లోపల పెట్టుకుంది.

“నానేటి బాలింతనా మావా, మంచం కింద కుంపటెట్టడానికి?” అంది.

“అప్పుడు ఎట్టలేదేటి?”

రబ్బరు తోటలో ఆమె రెండుసార్లు బాలింతరాలైంది. దేశంలో పెద్దవాళ్ళు చేసినట్టే రెండుసార్లూ అతను మంచం కింద కుంపటి పెట్టాడు. తాటాకు గుడిసె కావడంతో గాలి నాలుగు పక్కలా ఆడేది. పిల్లలు ఇద్దరూ జ్వరాలకు పోయారు గాని, కుంపటి వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

“పొగొస్తాదేమో మావా.”

“సూడు, ఉందేటి? బొగ్గుకి పొగుండదు. సాయంత్రం దాకా ఏడి నిలుపుతాది. నానెంచిన బొగ్గు గదే.”

“ఓలమ్మో, ఆయనెంచినాడట,” అని నూకమ్మ నవ్వబోయి దగ్గింది. “దొరసానమ్మకి ఏడి, నీకేమో గొప్ప. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

పొగగదిలో బతికినవాడికి పొగంటే భయం తెలుసు. కళ్ళు మండితే బయటికి పరిగెత్తాలి, పొగ లేని నిప్పు పాపం చెయ్యదు. అతనికి ఇంతకు మించి ఎవరూ నేర్పలేదు. డబ్బాను ఆమె కాళ్ళ వైపు మంచం కిందకు తోశాడు. గంజి గ్లాసు చేతికందేలా పెట్టాడు. ఆమె పాదాలు పట్టుకు చూశాడు. చల్లగా ఉన్నాయి. ఆమె పోతే ఈ కొండ మీద తను ఒంటరివాడైపోతాడని అతనికి రోజూ భయమే. ఆ భయాన్ని మాటల్లో పెట్టడం రాక పాదాలు ఇంకాసేపు రుద్దాడు.

“పెట్టకి నాలుగు నూకలెయ్యి,” అంది ఆమె కళ్ళు మూసుకుంటూ. “వెచ్చగుంది మావా. నిద్రొస్తంది.”

ఆ మాటకు అతని ప్రాణం లేచొచ్చింది. నూకలు వేసి, మంచు లోపలికి రాకుండా తలుపు గట్టిగా లాగి, బయటి నుంచి కూడా మట్టి మెత్తి వెళ్ళాడు.

ఆ రోజు బంగళా గొట్టానికి మొదటిసారి వేడినీళ్ళు వదిలారు. దొరసాని ఓడ దిగి దారిలో ఉందట. కూర్మయ్య పారకు పార బొగ్గు వేశాడు. ఆవిరి ముల్లు మెల్లగా పైకి లేచింది. ఫిట్టరు తిరుగుడు పిడి తిప్పగానే గొట్టం లోపల టకటకమని మోగి, ఆ మోత తేయాకు వరసల మీదుగా బంగళా దాకా పోయింది. దొర గది గోడకున్న, వేడినీళ్ళు పారే ఇనుప పలకల మీద చెయ్యి పెట్టి, మలయా మాటలో ‘బాగుస్’, అంటే బాగుంది అన్నాడని సాలమన్ వచ్చి చెప్పాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళొద్దామనుకున్నాడు. సరిగ్గా అప్పుడే గొట్టం అతుకు ఒకటి కారడం మొదలెట్టింది. ఫిట్టరు కదలనివ్వలేదు. కూర్మయ్య వాలు మీద వానలో కూర్చుని ఆ అతుకుకు మట్టి పూశాడు. చేతుల కింద గొట్టం హాయిగా వెచ్చగా ఉంది. కింద లైన్లు కనిపిస్తున్నాయి. చివరి గది తలుపు మూసే ఉంది. బొగ్గు ఇంకా ఉంటుందిలే అనుకున్నాడు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు.

పని వదిలి దిగేసరికి పక్కగది మరిడమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది.

“ఇయ్యాల నూకమ్మ దగ్గు ఇనపడనేదన్నా,” అంది. “మాపటికన్నా నిద్రట్టినాదని లేపనేదు.”

తలుపు లాగితే మట్టి పెళ్ళలుగా రాలింది. లోపల వెచ్చగా ఉంది. ఆ గది ఎన్నడూ అంత వెచ్చగా లేదు. నూకమ్మ పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉంది. ముఖంలో బాధ లేదు. ఎన్నో నెలల తర్వాత బుగ్గలు ఎర్రగా కనిపించాయి. కూర్మయ్య పాదాలు పట్టుకున్నాడు. డబ్బా ఆ దగ్గరే ఉండటంతో పాదాలు వెచ్చగానే ఉన్నాయి. అందువల్ల అతనికి వెంటనే తెలియలేదు. ‘ఒలే నూకా’ అని పిలిచి, చెయ్యి పట్టి ఎత్తబోతే అది కొయ్యలా బిగిసి ఉంది.

మరిడమ్మ వచ్చి గుండె మీద చెయ్యి పెట్టి చూసి కూలబడింది. “సలి గుండెకెక్కేసినాదన్నా,” అని ఏడ్చింది. “దగ్గు తినేసినాది తల్లిని.”

లైన్ల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. అందరూ అదే మాట అన్నారు. కాదనడానికి ఎవరికీ కారణం లేదు. కూర్మయ్య మాత్రం మూలనున్న గంపను చూస్తూ ఉండిపోయాడు. పొద్దున్న వేసిన నూకలు వేసినట్టే ఉన్నాయి. అతను పాకుతూ వెళ్ళి గంప ఎత్తాడు. పెట్ట గుడ్ల మీద కూర్చునే, మెడ ఒక పక్కకు వాల్చేసి ఉంది. గాయం లేదు, పాము కాటు లేదు. కింద గుడ్లు చల్లారిపోలేదు.

అతను పెట్టను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పైన గోనెలు దట్టించిన చూరును, మట్టి పూసిన గోడలను ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. తన పని గాలికి ఎక్కడా ఒక్క సందు వదల్లేదు.

“పెట్టకి దగ్గు నేదు గదే, మరిడమ్మా,” అన్నాడు.

ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. మతి చెదిరిందనుకుని పెట్టను అతని చేతుల్లోంచి మెల్లగా తీసుకుంది. కబురు తెలిసి సాలమన్ వచ్చి గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు. రేపు పని మానుకోవచ్చు గాని, బాయిలరుకు ఈ పూట నిప్పు కప్పడానికి వేరే మనిషి లేడని సిగ్గుపడుతూనే చెప్పాడు. కూర్మయ్య తలూపాడు. అలవాటున్న కాళ్ళు కొండ పైకి నడిచాయి.

ఆడవాళ్ళు శవానికి స్నానం చేయించడానికి మంచం జరిపి, అడ్డంగా ఉందని డబ్బాను బయట అరుగు మీద పెట్టారు. సన్నగా వాన పడుతోంది. బూడిద మీద చినుకు పడినప్పుడల్లా డబ్బా చిన్నగా చుయ్‌మంటోంది. బొగ్గు అతను చెప్పినట్టే సాయంత్రం దాకా వేడి నిలుపుకుంది.