పుక్కిట పట్టిన సారా

మనూరు పక్క పల్లెల్లో ఆ రోజుల్లో పిల్ల తండ్రి, పిల్లవాడి తండ్రి కూర్చుని సారా తాగితేనే సంబంధం ఖాయమయ్యేది. తాగనివాడు మాట తప్పినట్టే లెక్క. అది ఆచారమన్నారు గానీ, అందులో కీడుందని ఎవరూ అనలేదు.

హన్మయ్య వాకిట్లో చాపలు పరిచారు. ఖేడ్ నుంచి దేవప్ప, అతని భార్య బసమ్మ, నలుగురు పెద్దమనుషులు పిల్లనడగ వచ్చారు. దేవప్ప రెండు మోదుగాకు దొప్పల్లో సారా పోసి, ఒకటి హన్మయ్య ముందు పెట్టాడు.

"నేను తాగ బావా. బెల్లం నీళ్లు తాగుత."

"బెల్లం నీళ్లు బాలింతకు తాపు. నువ్వు ఎప్పుడు కన్నవ్?" అన్నాడు దేవప్ప. అందరూ నవ్వారు. "తాగకుంటే సంబంధం లేదు, చెప్తున్న."

తలుపు చాటున హన్మయ్య భార్య లింగమ్మ బిడ్డ చేయి పట్టుకుంది.

హన్మయ్య సంగతి చదివేవారికి చెప్పాలి. కిందటేడు అతని నాలుక పక్కన పుండు లేచింది. సారా పుక్కిట పడితే మంట మొద్దుబారేది. అదే మందనుకొని రోజూ పట్టాడు. పుండు పెరిగింది. లింగమ్మే బండి కట్టించి, జహీరాబాదులో రైలెక్కించి, బొంబాయిలో రాచపుండుకని కట్టిన దవాఖానకు తీసుకుపోయింది. నాలుకలో రేడియం సూదులు గుచ్చి నయం చేశారు. మాట కాస్త మందమైంది, అంతే.

దేవప్ప తన దొప్ప ఎత్తాడు. గుటక వేయలేదు. తల ఎడమకు వంచి, సారాను ఆ పుక్కిట పట్టి, కళ్లు మూసుకొని, అప్పుడు మింగాడు.

హన్మయ్య లేచి దొప్ప గుంజుకున్నాడు.

"నోరు తెరువు."

"ఏంది, ఎద్దును కొంటున్నవా, పండ్లు చూస్తున్నవ్?"

"పుండు ఎన్నడు లేచింది?"

దేవప్ప దొప్ప కోసం చేయి చాపాడు. బసమ్మే చెప్పింది. "ఎండకాలం సంది అన్నా. రొట్టె నములుతలేడు. సారనే మందంటడు."

దేవప్ప ముఖం ఎర్రబడింది. దిగ్గున లేచాడు. "నలుగుట్ల నా నోరు చూస్తవా? లెవ్వుండ్రి. గీ సంబంధం వద్దు."

"సంబంధం పోతె పోనీ," అన్నాడు హన్మయ్య. "నా బిడ్డకు ఇంకో ఇల్లు దొరుకుతది. నువ్వు పోతె నీ ఇంటికి దిక్కెవరు? నేను గూడ గట్లనే పుక్కిట వట్టిన. నొప్పి తెలువకుంట అయింది, పుండు మానలె. ఇగో, చూడు."

నాలుక చాపి మచ్చ చూపాడు. దేవప్ప చాలాసేపు చూశాడు. నిలబడ్డవాడు మెల్లగా కూర్చున్నాడు.

"బండి కట్టుండ్రి," అంది బసమ్మ.

హన్మయ్యే వెంట తీసుకుపోయాడు. బొంబాయి దవాఖానలో దేవప్ప పుండు చిన్నదిగా ఉండగానే దొరికింది. మానింది. పంపేటప్పుడు డాక్టరు హన్మయ్యతో అన్నాడు: "లేచిన పుండును మేం మాన్పుతాం. సారా, పొగాకు మాన్పించి పుండు లేవకుండా చూడడం కూడా ఈ దవాఖాన పనే. కానీ మీ ఊరి దాకా మా చేతులు చాలవు. అక్కడ మా మనిషివి నువ్వే."

మాఘంలో పెళ్లి జరిగింది. పందిట్లో సారా సీసా కనబడక మగవాళ్లు గొణిగారు. పిల్లవాడి తండ్రి దేవప్ప లేచి, డప్పులు ఆపించాడు.

"ఎవలన్న చిన్నతనమనుకుంటె అనుకోండ్రి. నేను బతికి కొడుకు పెండ్లి చూస్తున్న, నాకు గదే గొప్ప. సార మందు గాదు, పుండుకు ఎరువు. నోట్లె పుండు లేస్తె కలాల్ సార దుకాణం తొవ్వ వట్టకుండ్రి, జల్దీ దవాఖాన తొవ్వ వట్టుండ్రి."