ఏడో సైకిలు

"కందిపొడి కాస్త ఎక్కువే కొట్టవే. ఆరుగురం, పొద్దస్తమానం సైకిలు తొక్కేవాళ్లం" అన్నారు మా ఆయన కామేశ్వరరావు గారు, వంటింటి గుమ్మంలో నిలబడి. ఆదివారం పొద్దున్న. నేను మూకుట్లో కందిపప్పు వేయిస్తున్నాను. "ఆరుగురు కాదండీ, నాతో కలిపి ఏడుగురం" అని నవ్వుతూ దిద్దాను. ఆయన నవ్వలేదు. "అదే చెబుదామని వచ్చాను. జర్మనీలో ఆ సైకిళ్లు అద్దెకిచ్చేవాళ్లకి ఒక మెయిల్ పెట్టు, ఏడు వద్దు, ఆరు చాలని. మేమందరం అనుకున్నాంలే. నువ్వు రైల్లో ముందు వెళ్లిపోతే మేం దిగేసరికి అన్నం సిద్ధంగా ఉంటుంది. రైలు కూడా ఆ నది ఒడ్డునే వెళ్తుందటగా, కోటలన్నీ కిటికీలోంచి కనిపిస్తాయి. రోజూ భీమడోలు రైల్లో వెళ్లొస్తూనే ఉన్నావు, నీకు రైలు కొత్తా?" అనేసి హాల్లోకి వెళ్లిపోయారు. మాడు వాసన వచ్చేదాకా గరిటె నా చేతిలో అలాగే ఉండిపోయింది.

ఆ నది ఒడ్డున రైలు నడుస్తుందని ఆయనకు చెప్పింది నేనే. భీమడోలు దగ్గర హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా సోషల్ చెబుతున్నాను. పదో తరగతి పిల్లల చేత మ్యాపు పాయింటింగులో రైన్ నదిని ఎన్ని వందలసార్లు గీయించానో లెక్కలేదు. ఏలూరులో ఈయన స్నేహితులు, అందరూ యాభై దాటినవాళ్లే, సైకిలు క్లబ్బు పెట్టుకుని, వేసవి సెలవుల్లో ఆ నది వెంబడి సైకిళ్ల మీద వెళ్లాలని సరదాపడ్డారు. ప్లానంతా నా నెత్తిన పడింది. ఏ రోజు ఏ ఊరు, ఎక్కడ చిన్న ఓడలో సైకిళ్లతో నది దాటాలి, ఎక్కడ బస, అన్నీ నేనే వెతికాను. క్లబ్బు ప్రెసిడెంటు వెంకట్రాజు గారు "ఏం ప్లాను వేశారండీ!" అని మెచ్చుకుంటే, ఈయన "ఏదో, కాస్త తీరిక చేసుకుని" అన్నారు, నేనిచ్చిన కాఫీ తాగుతూ. సొమ్మొకడిది, సోకొకడిది.

అసలు చిక్కంతా మా ఆయన తిండితో. వాళ్ల తాతగారు పేరున్న అర్చకులు. ఆ పేరు నిలబెట్టాలని ఈయన ముప్పయ్యేళ్లుగా బయట మెతుకు ముట్టలేదు. పెళ్లికి వెళ్లినా అరటిపండు తిని వచ్చేస్తారు. ఆఫీసులో సూపరింటెండెంటు గారంటే అందరికీ అదొక గౌరవం. నిష్ఠకి పేరు ఆయనది, నడుంనొప్పి నాది. రోజూ నాలుగింటికి లేచి, తలమీద నీళ్లు పోసుకుని, మడి కట్టుకుని వండి, క్యారేజీ కట్టి, రైలుకి పరిగెడతాను. గర్భసంచి ఆపరేషనయిన పదకొండో రోజున పొయ్యి దగ్గర నిలబడ్డాను. కుట్లు లాగుతున్నాయత్తయ్యా అంటే మా అత్తగారు వెంకటనరసమ్మ గారు "కుర్చీ వేసుకుని చెయ్యవే, ఎవరొద్దన్నారు?" అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆవిడకి ఆ కుర్చీ కూడా దొరికి ఉండదు. అది తెలిసినా ఆ మాట ఈ రోజుకీ నాకు అరగలేదు.

అందుకే బస చూసిన ప్రతి ఊళ్లోనూ వంటగది ఉందా, పొయ్యి ఉందా, మనమే వండుకోవచ్చా అని ముందే అడిగాను. నా వంటిళ్లు నేనే వెతికి మరీ బుక్ చేసుకున్నాను. పొద్దున్న వండిపెట్టి, సాయంత్రం మళ్లీ వండిపెట్టి, మధ్యలో నది పక్కన సైకిలు తొక్కుతాననుకున్నాను. అదే మహాభాగ్యమనుకున్నాను. అంత చవగ్గా ఒప్పుకున్న నన్ను చూస్తే ఇప్పుడు నాకే అసహ్యం వేస్తోంది.

నలభై ఎనిమిదేళ్ల వయసులో సైకిలు నేర్చుకున్నాను. నేర్పింది మా స్కూలు పీఈటీ దుర్గాభవాని. కొల్లేటి లంక ఊరు, వాళ్లింట్లో అందరిదీ చేపల పనే. రోజూ సైకిలు మీదే స్కూలుకి వస్తుంది. బడి వదిలాక నా రైలు వచ్చేలోగా నన్ను చేపల చెరువు గట్టు మీదకి తీసుకెళ్లి సీటు పట్టుకుని వెనకాలే పరిగెత్తేది. "కిందకి చూడకండి మేడమ్ గారూ, ఎదరకి చూడండి. చక్రం సంగతి అదే చూసుకుంటది" అనేది. రెండుసార్లు పడ్డాను. ఒకసారి ఏకంగా చెరువులోకే జారాను. మేత చల్లేవాళ్లు పడవ ఆపి మరీ నవ్వారు. మోకాలి దెబ్బ చీర కింద దాచుకున్నాను కానీ కుంటడం దాగదు కదా. "ఈ వయసులో సైకిలేమిటే? కాలు విరిగితే వంటెవరు చేస్తారు?" అన్నారు అత్తగారు. కాలు నాది, బెంగ వంటది. అయినా మానలేదు. మూడో నెలలో ఒక సాయంత్రం వెనక్కి తిరిగి చూస్తే దుర్గాభవాని ఎక్కడో దూరంగా నిలబడి చేతులూపుతోంది. నన్నెవరూ పట్టుకోలేదు. రెండు పక్కలా నీళ్లు, మధ్యలో నేను. ఆ పావుగంటసేపు ఈ లోకంలో ఎవరికీ ఆకలి వెయ్యలేదు. అంత సుఖం నేనెప్పుడూ ఎరగను.

పొయ్యి ఆపి హాల్లోకి వెళ్లాను. "నేను ఐదు నెలలు కష్టపడి నేర్చుకున్నానండీ" అన్నాను.

"కాదన్నానా? వచ్చాక ఇక్కడ తొక్కుకో" అన్నారు పేపరు మడుస్తూ. "ఆరుగురు మగాళ్ల వెనకాల రొప్పుకుంటూ నువ్వెందుకు చెప్పు? నువ్వూ మాతోపాటే అలిసిపోయి దిగితే పొయ్యి వెలిగించేదెవరు? అయినా నిన్ను తీసుకెళ్తున్నది ఎందుకనుకున్నావు మరి?"

ఆయన కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది, ఎదురు తిరగడానికి ఏదో ఒకటి దొరికేది. నిజంగానే తెలియక అడిగారు. ఎందుకనుకున్నాను? నన్ను కూడా ఆ నది దగ్గరికి తీసుకెళ్తున్నారనుకున్నాను.

గదిలోకి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ దారిలో ఒకచోట నది నడిమధ్య రాతి మీద చిన్న తెల్లటి కోట ఉంది. ఆ ఒడ్డున సైకిలు ఆపి, కాలు నేల మీద పెట్టి, దాన్ని ఒక్కసారి చూడాలని ఐదు నెలలుగా అనుకుంటున్నాను. రైల్లో వెళ్లినా కనిపిస్తుంది. కుక్కరున్న సంచీ ఒళ్లో పెట్టుకుని, దిగి ఏ పప్పు ఉడకెయ్యాలో ఆలోచించుకుంటూ, కిటికీలోంచి ఒక్క నిమిషం. వెళ్లకపోతే ఆ ఒక్క నిమిషం కూడా లేదు. మళ్లీ ఈ జన్మలో అటువైపు వెళ్లేదీ లేదు. ఏడుపొచ్చింది. తలుపేసుకుని ఏడ్చాను. తరవాత మొహం కడుక్కుని మెయిల్ రాశాను. ఇన్నాళ్లూ ప్రతి మెయిలు కిందా అలవాటుగా ఆయన పేరే పెట్టాను. ఇప్పుడూ వేళ్లు అటే పోయాయి. చెరిపేసి రత్నమాల అని కొట్టాను.

ఆయన్ని పిలిచాను. గుమ్మం దాకా వచ్చారు. తెలుగులో చదివి వినిపించాను. "ఏడో సైకిలు రద్దు చేయండి. ఏడో మనిషి కూడా రావడం లేదు. బస చేసే చోటల్లా పొయ్యి ఉంది గనక మిగిలిన ఆరుగురూ తామే వండుకుంటారు."

ఎందుకు రానంటున్నావని ఆయన ఒక్క మాట అడిగితే చాలు, ఆ మెయిలు చెరిపేసి, కుక్కరు సర్దుకుని, రైల్లోనే వెళ్లేదాన్ని. నా సంగతి నాకు తెలుసు. అడుగుతారేమోనని ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నాను. ఆయన కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

"మరి వంటో?" అన్నారు.

"గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లండీ" అని చెప్పి, మెయిల్ పంపించేశాను.