పిల్లలకోడి వెనకాల ఎర్ర చుక్క

నేను ఒక ముసలి నక్షత్రాన్ని. ఎర్రగా, లావుగా ఉంటాను. మీ సూర్యుడు నా పక్కన నిలబడితే గోలీకాయంత. కార్తీకంలో చీకటి పడ్డాక తూర్పున చూడండి, కళ్ళద్దాలు కూడా అక్కర్లేదు. నాకు కాస్త కంగారెక్కువ. మీరు పెట్టిన పేర్లు మోసీ మోసీ వచ్చిన జబ్బది.

ఎర్రగా ఉన్నానని మీ పెద్దలు రోహిణి అన్నారు. బాగానే ఉంది. కృత్తికల వెనకే వస్తానని అరబ్బులు ‘వెంట నడిచేది’ అనే అర్థంలో అల్ దబరాన్ అన్నారు. ఏదో పనీపాటా లేని దాన్నన్నట్టు! ఆపైన నన్ను చంద్రుడికి ముద్దుల పెళ్ళాన్ని చేశారు. ఆయనెక్కడ, నేనెక్కడ? నా వెలుగు మీ దాకా రావడానికే అరవై అయిదేళ్ళు పడుతుంది. అదీ పోనీయండి. నా నక్షత్రంలో పుట్టిన కృష్ణుడు మేనమామను చంపాడని, అప్పట్నుంచి రోహిణిలో మగబిడ్డ పుడితే మేనమామకు గండమన్నారు. కంసుడు చేసిన పాపాలకు నేనా పూచీ?

మొన్న కార్తీక పున్నమి దాటగానే, ఒక పల్లెకారుల పేటలో నూకరత్నం పుట్టింట్లో మగబిడ్డను కన్నది. పంతులుగారు రోహిణి అన్నారు. ఆమె అన్న దానయ్య ఇద్దరు తోటివాళ్ళతో అప్పటికే సముద్రం మీద చేపల వేటకు పోయాడు. బోటు రావలసిన రోజు దాటింది. మర్నాడూ రాలేదు. ఇక వాళ్ళమ్మ కొర్లమ్మ మనవడి వంక చూడటం మానేసింది. పచ్చి బాలింతరాలు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, అన్న కోసం ఏడవాలో కొడుకు కోసం ఏడవాలో తెలియక కుమిలిపోయింది.

నేను చూస్తూనే ఉన్నాను. నడిసంద్రంలో ఇంజను ఆగిపోయి, ఫోన్లు తడిసి, దానయ్య బోటు కొట్టుకుపోతోంది. వాడికేమన్నా అయితే ఆ పసిగుడ్డును జన్మంతా వేలెత్తి చూపిస్తారు, నా పేరు చెప్పి! నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అవి ఉంటే కదా అనకండి.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక ఇంజను దగ్గి దగ్గి అందుకుంది. చంద్రుడింకా రాలేదు. ఒడ్డెటో తెలియదు. మబ్బులు నా ముఖాన తెర వేసి తీసి చంపుతున్నాయి. తూర్పున ఒక సందులోంచి దానయ్య నన్ను చూశాడు.

“అదిగోరా, పిల్లలకోడి ఎనకాల ఎర్ర సుక్క! దాన్ని ఈపుకి పెట్టుకుని పోనీరా, ఇల్లే!”

వాళ్ళకు నేను అంతే. కృత్తికలు పిల్లలకోడి, నేను దాని వెనకాల ఎర్ర చుక్క.

ఒడ్డెక్కి, ఒళ్ళంతా ఉప్పుతో ఇంటికొచ్చాడు. కొర్లమ్మ కావలించుకుని ఘొల్లుమంది. అతను బిడ్డకోసం చేతులు చాచగానే ఒక్క కేక పెట్టింది.

“ముట్టుకోకురా! రోహిణిలో పుట్టినాడు. ముందల నూనిలో ఈడి మొకం సూడాల, అప్పుడే దోసం పోతాది!”

దానయ్య చేతులు వెనక్కి లాక్కున్నాడు. తుఫాను గాలికి బెదరనివాడు నూనె గిన్నెలో మేనల్లుడి నీడ చూడటానికి వణికాడు. చూశాక కూడా ముట్టుకోలేదు.

“ఆ రోహిణి ఏ మూలుంటాదే అమ్మా?”

“నాకేటి తెలుసు? పంతులుగారికి తెలాల.”

నూకరత్నం బిడ్డ మీద గుడ్డ సర్దింది. “పుట్టిన కాడినుంచి ఈడ్ని నాను తప్ప ఎవలూ ఎత్తుకోనేదన్నా.”

దానయ్య ఆ మాటకు నిలువునా నీరైపోయాడు. కాసేపు గుమ్మంలో తచ్చాడి, చటుక్కున వచ్చి బిడ్డను ఎత్తుకుని వాకిట్లోకి నడిచాడు. కొర్లమ్మ అరుస్తూనే ఉంది.

సముద్రం వైపు తిరిగి, బిడ్డను నాకెదురుగా పట్టుకున్నాడు.

“ఎర్ర సుక్కా, నన్ను ఇల్లు సేర్చినావు. ఆ రోహిణి పీడ ఈ పిల్లోడి మీదా నా మీదా పడకుండా నువ్వే సూడు తల్లీ.”

ఆ రోహిణిని నేనేనయ్యా అని అరవబోయాను. అరిస్తే బిడ్డను దించేస్తాడేమోనని భయమేసి, నోరు మూసుకున్నాను.